ఈ గొంతు ఎవలది?

2021లో దసరా వెళ్ళిన వారం. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో ఒక మెడికల్ షాపు పైన మా వినికిడి కేంద్రం. ఒక గది, ఆ గది మూలకు శబ్దం చొరబడకుండా కట్టిన అద్దాల బూత్, బయట వరండాలో ఆరు కుర్చీలు. చెవులు పరీక్షించి మిషన్లు అమర్చడం నా పని. అప్పటికి పద్నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాను. నిజం చెప్పాలంటే బాగా అలిసిపోయి ఉన్నాను. వినబడని వాళ్ళతో రోజంతా మాట్లాడితే సాయంత్రం ఇంట్లో వాళ్ళతో కూడా అరిచే మాట్లాడతాం. మా ఆయన "నాకు వినబడుతది తల్లీ" అని రోజూ గుర్తు చేసేవాడు.

ఆ రోజుల్లో కరోనా మాస్కులు మా దగ్గరికి చాలామందిని పంపాయి. వినికిడి మెల్లగా తగ్గితే మనిషికి ఆ సంగతి ఏళ్ళ తరబడి తెలియదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి అర్థం చేసుకుంటూ, చెవులతోనే వింటున్నానని అనుకుంటాడు. మాస్కులు రాగానే అసలు సంగతి బయటపడింది. అయితే ఓదెలు కాక మాత్రం తన చెవుల గురించి కాదు, పక్కవాడి మాస్కు మీద ఫిర్యాదుతో వచ్చాడు.

ఓదెలు కాకకు అరవై ఆరేళ్ళు. ఆయన తండ్రి కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి బొగ్గు గనిలో పనికి వచ్చినవాడు. కాక మరాఠీ బడిలో చదువుకుని, ఇరవై ఏళ్ళకే ఝాడీపట్టి నాటకాల్లో చేరాడు. వరి కోతలయ్యాక మా వైపు ఊరూరా తెల్లవార్లూ ఆడే మరాఠీ నాటకాలవి. తర్వాత ముంబై వెళ్ళి పాతికేళ్ళు ఉన్నాడు. టీవీ సీరియళ్ళలో జడ్జి, హవల్దారు, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి తల అడ్డంగా ఊపే డాక్టరు. సినిమాల్లోనూ చిన్నాచితకా వేషాలు పదో పన్నెండో వేశాడు. పని తగ్గాక తిరిగొచ్చి మళ్ళీ నాటకాల్లో చేరాడు. పోస్టర్ మీద 'ముంబై టీవీ కళాకారుడు' అని వేస్తే ఊళ్ళల్లో జనం బాగా వచ్చేవారు.

"నా చెవులు మంచిగనే ఉన్నయి బిడ్డా" అన్నాడు గది దద్దరిల్లేలా. "మా ప్రాంప్టర్ మాస్కు పెట్టుకుంటుండు. మాస్కుల నుంచి మాట బయటికి రాకపాయె. మా మాలక్ ఏమో నన్ను చెవులు చూపిచ్చుకో అంటుండు. మంచిగున్నయని ఒక కాయితం రాసియ్యి."

ప్రాంప్టర్ అంటే స్టేజి ముందు భాగంలో పుస్తకం పట్టుకుని కూర్చుని మాటలు అందించేవాడు. ప్రతి ఏడూ కొత్త నాటకం, తాలీములు, అంటే రిహార్సళ్ళు, రెండో మూడో. అందుకని నటులంతా అతని మీదే ఆధారపడతారు. ఆ ఏడాది నాటకంలో తండ్రి వేషం కాకది. కథంతా ఆ తండ్రి చుట్టూనే తిరుగుతుంది. మొదటి తాలీములో కాక మూడు చోట్ల ఆగిపోయాడు. మూడు వారాల్లో రెండో తాలీము. అప్పుడు కూడా తడబడితే వేషం వేరేవాళ్ళకు పోతుందని మాలక్, అంటే కంపెనీ యజమాని, చెప్పేశాడు.

బూత్‌లో కూర్చోబెట్టి ప్యూర్ టోన్ టెస్ట్ మొదలుపెట్టాను. ఇయర్‌ఫోన్లలో సన్నని కూతలు పంపిస్తాం, వినబడితే బటన్ నొక్కాలి. కాక ప్రతిదానికీ టక్కున నొక్కుతున్నాడు. ఇరవై ఏళ్ళ వాడికి కూడా అంత మంచి రిజల్టు రాదు. కాసేపటికి నాకు అర్థమైంది. నేను కూత పంపేటప్పుడు నా భుజం కొంచెం కదులుతుంది. అద్దంలోంచి ఆయన దాన్నే చూస్తున్నాడు. కుర్చీని గోడ వైపు తిప్పి మళ్ళీ చేశాను. ఈసారి కాగితం మీద రెండు చెవుల గీతలూ జారుకుంటూ కిందికి పోయాయి. గీత ఎంత కిందికి పోతే వినికిడి అంత తగ్గినట్టు.

ఆ కాగితం చూపిస్తే కాక దాన్ని టేబుల్ మీద బోర్లా పెట్టాడు. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. కనపడని మిషనుంటే పెట్టు. నాకు ఇది తప్ప ఇంకో పని రాదు" అన్నాడు.

ఆరు రోజులకు, చెవి లోపల ఇమిడిపోయే చిన్న మిషన్లు వచ్చాయి. పెట్టి ఆన్ చేశాను. ఫ్యాను చప్పుడుకు తల ఎత్తి చూశాడు. నేను కాగితం మడిస్తే ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఏదో చెప్పబోయి సగంలో ఆగిపోయి, గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఈ గొంతు ఎవలది?"

అందరూ అడిగే ప్రశ్నే. చెవికి బిరడా బిగించినట్టు అవుతుంది కనుక మన గొంతు మనకే కుండలోంచి వచ్చినట్టుంటుంది. దాన్ని మేము అక్లూజన్ అంటాం. కొన్నాళ్ళకు అలవాటవుతుంది. కానీ కాక విషయంలో ఇంకోటి ఉంది. ఏళ్ళ తరబడి తన మాట తనకు సరిగ్గా వినబడని మనిషికి గొంతు పెద్దదవుతుంది, ఎత్తు పల్లాలు పోతాయి. స, శ లాంటి మెత్తని శబ్దాలు అరిగిపోతాయి. కాకకు అవన్నీ జరిగిపోయాయి. మొదటి రోజు ఆయన నోరు విప్పగానే నేను గమనించాను. అది చెప్పాలంటే కూర్చోబెట్టి అరగంట మాట్లాడాలి. వరండాలో ఐదుగురు ఉన్నారు.

"మిషన్‌తోని అట్లనే ఉంటది కాక. పదిహేను రోజులల్ల అలవాటైతది" అన్నాను.

"నిజంగ మిషన్‌దేనా?"

"మిషన్‌దే. ఫికర్ చెయ్యకుండ్రి."

రెండో తాలీము అయిన మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. ఫోను టేబుల్ మీద పెట్టి "ఇను" అన్నాడు. కంపెనీలో ఎవరో తాలీమును రికార్డు చేశారట. తండ్రి తన కూతురిని క్షమించమని అడిగే సీను. మరాఠీ మాటలు ఒక్కటి కూడా తప్పలేదు, ఎక్కడా ఆగలేదు. కానీ మొత్తం ఒకే ఎత్తున అరుపు. సగం మాటల చివర్లు మింగేశాడు.

"ఇది మిషన్ల నుంచి వస్తలేదు బిడ్డా, ఫోన్ల నుంచి వస్తుంది" అన్నాడు. "ప్రాంప్టర్ మాట మంచిగ ఇనబడ్డది. యాడ ఆగలే. గాని బిడ్డను మాఫీ అడిగేటోడు మెల్లగ అడుగుతడు గద. నేను అంగట్ల కూరగాయలు అమ్మినట్టు అరిసిన. మాలక్ పక్కకు పిలిసి, వేషం ఇంకొకలకు ఇస్తున్నమన్నడు. ఒక్కటి అడుగుత. నీకు మొదటి దినమే ఎరుకనా?"

"ఎరుకే కాక."

"మరి చెప్పకపోతివి?"

"ఆ దినం బయట మస్తుమంది ఉండిరి" అన్నాను. నోట్లోంచి ఆ మాట వచ్చాక సిగ్గేసింది.

కాక ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ముంబైల మేకప్ చేసేటోడు రోజు అంటుండె, పదేండ్లు తగ్గినట్టు కనబడుతున్నవని. వాని పని గది. నీ దగ్గర గూడ గదే దొరుకుతదనుకోలే. పదిహేను రోజులుండె బిడ్డా. అలవాటైతదని ఇంట్ల ఊకె కూసున్న. ఎరుకైతే మెల్లగ మాట్లాడుడన్న నేర్సుకుందును."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పదిహేను రోజులు నేనే పోగొట్టానని నాకు తెలుసు. సరిపోయేవో లేదో నాకు తెలియదు. కానీ అవి ఆయనవి.

ఆ సీజన్‌లో ఆయనకు ఊరి పెద్ద వేషం ఇచ్చారు. నాలుగు మాటలు. పోస్టర్ మీద పేరు మాత్రం పెద్దగానే వేశారు. మాటలు మళ్ళీ నేర్పేవాళ్ళు నాగ్‌పూర్‌లో ఉన్నారని చెబితే "ఈ ఈడుల యాడికి తిరుగుదు" అన్నాడు. అందుకని బుధవారం మధ్యాహ్నాలు నా దగ్గరికే వస్తున్నాడు. ఆ విద్య నాకు రాదు. నేను వింటాను, గొంతు లేచిన చోట చెయ్యి కిందికి ఆడిస్తాను, మింగిన మాట చెబుతాను. తండ్రి వేషం ఇంతవరకు తిరిగి రాలేదు.

ఈ కేసు నన్ను గొప్పదాన్ని చేసిందని చెప్పను. 'మిషన్‌దే, అలవాటైతది' అనే మాట ఇప్పటికీ నాలుక చివరి దాకా వస్తుంది. ఇప్పుడు ముందు వాళ్ళ గొంతు ఫోనులో రికార్డు చేసి, పక్కన కూర్చుని వినిపిస్తాను. ఏది మిషన్‌దో, ఏది వాళ్ళదో చెబుతాను. ఒకావిడ ఏడ్చింది. కొందరు కోపం తెచ్చుకుని మళ్ళీ రాలేదు. రోజు మరింత పొడుగవుతోంది, నేనూ మరింత అలిసిపోతున్నాను. కానీ మనిషి తన గొంతు గురించి అడిగితే నా తీరికను బట్టి జవాబు మార్చకూడదు.

మొన్న బుధవారం కాక ఆ తండ్రి సీను మొత్తం నా ఎదుట కుర్చీలో కూర్చుని చెప్పాడు. అయ్యాక నీళ్ళు తాగి, "ఎట్లుంది?" అన్నాడు. బాగుంది అని చెప్పాలని ఎంతో అనిపించింది.

"మొదలు మంచిగుంది కాక. మాఫీ అడిగినకాడ మళ్ళా గొంతు లేసింది."

కాక గ్లాసు పక్కన పెట్టి, "సరే, మళ్ళా మొదటి సంది అందుకుంట" అన్నాడు. వరండాలో నలుగురు ఉన్నారు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాను.