చీరాల హేరోదు

గిడియన్‌కి రాజు వేషం కొత్త కాదు. చీరాల చర్చిలో ఏటా క్రిస్మస్ నాటకంలో, పసి యేసుని వెతికి చంపించాలని చూసే హేరోదు రాజంటే అతనే. పదో క్లాసు నుంచి మెల్‌బోర్న్ విమానం ఎక్కేదాకా ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోనిస్తే ఒట్టు. అదే నాటకంలో వాళ్ల వీధి బెన్‌హర్, రెండేళ్లు చిన్నవాడు, ఓ మూల దుప్పటి కప్పుకొని గొర్రె వేషం కట్టేవాడు. గొర్రెకి డైలాగులుండవు కదా, వాణ్ణి ఎవరు చూస్తారు!

ఇప్పుడిద్దరూ మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో ఒకే అద్దెగదిలో ఉంటున్నారు. హిస్టరీ టీచర్ కావాలని గిడియన్ కోరిక. పెట్రోల్ బంకులో షిఫ్టు చేస్తూ కూడా కోటల గురించీ, జమీందార్ల గురించీ చదువుతాడు. బెన్‌హర్‌ది ఐటీ. వేరే సబ్జెక్టు ఒకటి ఎలెక్టివ్‌గా తీసుకోక తప్పదంటే, అన్న నోట్సు ఇంట్లోనే దొరుకుతుందిగా అని గిడియన్ చదివే మధ్యయుగ యూరప్ క్లాసులోనే చేరాడు.

యూనివర్సిటీ చూడ్డానికి బయటి జనం వచ్చే ఓపెన్ డేకి లాన్‌లో అట్టలతో కోట కట్టి, దాని ముందు రాజుగారి కొలువు ఆడిద్దామంది లెక్చరర్. రాజు వేషానికి అందరికన్నా ముందు చెయ్యెత్తింది గిడియన్. ఆవిడ కళ్లు మాత్రం తాటిచెట్టులా ఎదిగిన బెన్‌హర్ మీద పడ్డాయి. వెనకవాళ్లకి కూడా కనబడతాడని వాణ్ణే రాజుని చేసి, గిడియన్‌కి సామంతుడి వేషం ఇచ్చింది. హవ్వ, గొర్రె రాజట!

సామంతుడంటే తక్కువవాడేం కాదు. సొంత కోట ఉంటుంది, ఊళ్లుంటాయి, పొలం దున్నిపెట్టే రైతులుంటారు. అయినా రాజు ముందు టోపీ తీసి మోకరిల్లాలి. జోడించిన చేతులు రాజు చేతుల మధ్య పెట్టి ‘నేను నీ మనిషిని’ అనాలి. బదులుగా, నీ భూమికీ ప్రాణానికీ నాది పూచీ అని రాజు ఒట్టేయాలి. ఇద్దరూ మాట ఇస్తేనే ఒప్పందం. దీని మీద గిడియన్ పెద్ద వ్యాసమే రాశాడు. రాసినప్పుడు బాగానే ఉంది, తన మోకాళ్ల దాకా వచ్చేసరికి ఒళ్లు మండింది.

దానికి తోడు వాళ్ల ఇంటి ఓనరు ప్రేమలీల ఆంటీ తన ఎర్ర పట్టుచీర చించి మరీ బెన్‌హర్‌కి అంగీ కుట్టింది. గిడియన్‌కి పాత రగ్గు దక్కింది. కడుపుమంట ఆగక రాజుగారి ఒట్టు కూడా కంఠతా పట్టాడు. నాటకం రోజు బెన్‌హర్‌కి జ్వరమొస్తే బావుణ్ణని ప్రార్థన చేశాడు. చేశాక నాలుక కరుచుకున్నాడు గానీ, ప్రార్థన వెనక్కి తీసుకోలేదు.

జ్వరం రాలేదు. చలిగాలిలో, అంతమంది ముందు గిడియన్ మోకరిల్లి, చేతులు పెట్టి, పళ్ల బిగువున తన మాట చెప్పేశాడు. ఇక రాజు చెప్పాలి. రాజు కాస్త ముందుకు వంగాడు.

“అన్నా, మర్చిపోయా. ఫస్ట్ వర్డ్ అందించు,” అన్నాడు బెన్‌హర్ పెదవి కదపకుండా.

ఆ మాట గిడియన్ నాలుక చివరే ఉంది. అందిస్తే గండం గడిచిపోతుంది. అతను గడ్డి వైపు చూస్తూ ఉండిపోయాడు. అనుభవించరా, అనుకున్నాడు.

బెన్‌హర్ తలెత్తి జనం వైపు చూశాడు. ఛాతీ విరిచి, తెలుగులో ఉరిమాడు. “నేను బతికుండగా ఈ రాజ్యంలో ఇంకో రాజా? ఎక్కడున్నాడు? చెప్పండి!”

హేరోదు! అక్షరం పొల్లుపోకుండా చీరాల హేరోదే. అదే విరుపు, నేల మీద అదే మడమ తాపు, ఒక చేత్తో లేని గడ్డాన్ని నిమరడం కూడా అదే. ‘ఎక్కడున్నాడు’ ముందు చిన్న దగ్గుతో సహా దించేశాడు. తెల్లవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా లాన్ అంతా చప్పట్లే. లెక్చరర్ కూడా లేచి నిలబడి కొట్టింది.

గిడియన్‌కి ముందు ఏడుపొచ్చినంత పనైంది. వేషం పోతే పోయింది, తన హేరోదుని కూడా ఎత్తుకుపోయాడే! ఆ తర్వాత తట్టింది. తను సింహాసనం మీద గొంతు చించుకున్న అన్నేళ్లూ, ఆ మూల దుప్పటి కింద నుంచి ఒకడు రెప్ప వేయకుండా చూస్తూ ఉన్నాడు.

బెన్‌హర్ అతని చేతులు వదల్లేదు. అలాగే పట్టుకొని పైకి లేపాడు.

“నీక్కూడా గుర్తు రాలేదు కదన్నా, అందుకే నాకొచ్చింది అదొక్కటే చెప్పేశా. చిన్నప్పట్నుంచీ ఒక్కసారి చెయ్యాలనుండేది. నువ్వు చేసినట్టే వచ్చిందా?”

గిడియన్ వాడి మొహంలోకి చూడలేకపోయాడు. పక్కకి జారిన పట్టు అంగీని వాడి భుజం మీదకి సర్దాడు. కుళ్లు ఇంకా పూర్తిగా చావలేదు.

“ఆ దగ్గు అక్కర్లేదురా,” అన్నాడు చివరికి. “మొదటి ఏడాది నాకు నిజంగానే జలుబు.”