కరెంటు లేని పూట వేడెక్కిన రెసిస్టరు

“ఆ మూడో గీత ఏ ఎరుపే? ఎర్రావు ఎరుపా, కుంకం ఎరుపా?” అని మా ఆయన అడిగాడు.

“ఎరుపంటే ఎరుపేలే. పొద్దున్నుంచి ఎన్నిసార్లు అడుగుతావు?” అన్నాను.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. ఆయన సైకిలు తీసుకుని, కొలిచే మీటరుకు బ్యాటరీ సెల్లు తేవడానికి పోయాడు. బజారులో సైకిలు దిగుతూనే గుండె పట్టుకుని పడిపోయాడట. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా పుట్టింటి చేను శ్మశానం పక్కనే. పెళ్లికి ముందు ఒక్కదాన్నే అక్కడ నీళ్లు కట్టేదాన్ని. ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు. ఇప్పుడు చెప్పేది భయపెట్టడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఉండాలని చెబుతున్నాను. నా చదువు సంతకం వరకే. రాస్తున్నది మా మరిది సుబ్బయ్య, బడిపంతులు.

మాది ఎర్రగుంట్ల. సెల్‌ఫోన్లు మా వీధికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా ఆయన ఫ్యాక్టరీల మీటర్లు, బోర్డులు బాగుచేసేవాడు. ఇంటి ముందు గదే షాపు. కళ్లలో పొరలు వచ్చి ఆయనకు రంగులు తెలిసేవి కావు. రెసిస్టరు విలువేమో దాని మీది రంగు గీతల్లోనే ఉంటుంది, మూడో గీత రంగు మారితే విలువ పది రెట్లు మారిపోవచ్చు. అక్షరాలు రాని నేనే ఆ గీతలు చదివి చెప్పేదాన్ని. ఆయన మీటరు పెట్టి సరిచూసుకునేవాడు. ఆ రోజు మీటరులో సెల్లు అయిపోయింది.

చేస్తున్నది ఒక సున్నపు బట్టీకి బోర్డు. బట్టీలో రెండు చోట్ల వేడి కొలిచే డబ్బాలున్నాయి. ఒక్కొక్కటీ తీగలో కరెంటు పంపుతుంది, చల్లగా ఉంటే నాలుగు మిల్లీయాంపులు, బాగా కాలితే ఇరవై. “వోల్టేజి అయితే అంత దూరం తీగలో తగ్గిపోతాది. కరెంటు అట్ల కాదు, పైపులో నీళ్ల మాదిరి, ఈడ ఎంత దూరితే ఆడ అంత రావల్ల” అనేవాడు. వచ్చిన కరెంటుకు చిన్న రెసిస్టరు అడ్డం పెడితే దాని మీద వోల్టేజి పుడుతుంది. రెండు డబ్బాలకు అలాంటివి రెండు. ఎనిమిది కాళ్ల ఆప్‌యాంప్ చిప్పు ఆ రెండు వోల్టేజీలనూ కలుపుతుంది. మొత్తం హద్దు దాటితే ఎర్ర లైటు వెలిగి, గాలి ఊదే బ్లోయరు ఆగుతుంది. అంతే, గుప్పెడు సామాన్లు.

మొదటి రెసిస్టరు ఆయన పెట్టేశాడు. రెండోది నా చేతిలో ఉంది. ఆయన సైకిలెక్కగానే నేనే దానికి టంకం పెట్టాను. ఆ పొగ వాసన గదిలోంచి పోకముందే కబురు వచ్చింది.

పెద్దకర్మ అయినాక బట్టీవాళ్లు బోర్డు తీసుకుపోయారు. మూడో రోజు వెనక్కి తెచ్చారు. బట్టీ ముట్టించకముందే ఎర్ర లైటు వెలుగుతోందట. “ఏమనుకోవద్దమ్మా, ఆఖర్లో పెద్దాయనకు చెయ్యి తప్పినట్టుండాది” అన్నాడు తెచ్చినతను. వారంలో బాగుకాకపోతే కర్నూలు నుంచి మనిషిని పిలిపిస్తామన్నాడు.

ఆయన చేసిన బోర్డు అంతకుముందు ఒక్కటీ తిరిగి రాలేదు. చచ్చిపోయిన మనిషికి చెయ్యి తప్పిందన్న పేరు నేను ఉండనివ్వదలచుకోలేదు.

“షాపు మూసేద్దాం వదినా. అఆలు రాకుండా ఆప్‌యాంపులు యాడ చేస్తావు?” అన్నాడు సుబ్బయ్య.

“అఆలతో టంకం పెడతారా? వారం ఆగప్పా” అన్నాను.

ఆరు రోజులు కూర్చున్నాను. చిప్పు మార్చాను. మిగతా టంకాలన్నీ కరిగించి మళ్లీ పెట్టాను. ఆ రెండో రెసిస్టరు జోలికి మాత్రం పోలేదు. నేను చూసి పెట్టింది కదా, తప్పెందుకు ఉంటుంది?

ఏడో రోజు తెల్లవారినప్పటి నుంచే కరెంటు కోత. బోర్డు బల్ల మీద ఉంది. ముందురోజు మధ్యాహ్నమే ప్లగ్గు పీకి తీగలన్నీ విప్పేశాను. మా షాపు పడమటి ముఖం, పొద్దున పూట ఎండ రాదు. గుడ్డతో దుమ్ము తుడుస్తుంటే వేలికి చురుక్కుమంది. నేను పెట్టిన ఆ ఒక్క రెసిస్టరు కాఫీ గ్లాసులా కాలుతోంది. పక్కనున్నది చల్లగా ఉంది. చిప్పు చల్లగా ఉంది. చెయ్యి తీసి, నీళ్లు తాగి వచ్చి మళ్లీ ముట్టుకున్నాను. అంతే వేడి.

“మీటరు కంటే ముందు వేలు పెట్టు. తప్పు చేసింది వేడెక్కి చెప్తాది” అని ఆయన ఎప్పుడూ అనేవాడు. కానీ అది కరెంటు ఉన్నప్పటి మాట.

సుబ్బయ్యను పిలిచాను. ఏమీ చెప్పకుండా “వీటి మీద వేలు పోనియ్యి” అన్నాను. వరసగా ముట్టుకుంటూ వచ్చి సరిగ్గా అక్కడే చెయ్యి లాక్కున్నాడు. “ఏంది వదినా, పొయ్యి మీద పెట్టినావా?” అన్నాడు. ఆ తర్వాత తనే వంగి నేల మీద పడున్న ప్లగ్గును చూశాడు.

బోర్డును గడప దగ్గరికి, వెలుతురులోకి తెచ్చాను. మా పక్క ఎర్రావుకుండే బ్రౌను రంగుకూ ఎరుపే, కుంకుమకూ ఎరుపే, వేరే పేరు లేదు. రెండు రెసిస్టర్లూ నా నోట్లో ‘ఎరుపు, నలుపు, ఎరుపు’. రెండింటికీ మొదటి గీత ఎర్రావే, కానీ ఆయన పెట్టినదాని మూడో గీత కూడా ఎర్రావు. నేను పెట్టినదాని మూడో గీత కుంకుమ. ఆయన అడిగింది అదే. నేను చూడకుండా జవాబు చెప్పాను.

కరెంటు వచ్చినాక దాన్ని పీకాను. అప్పటికి చల్లబడిపోయింది. సుబ్బయ్య మీటరుకు కొత్త సెల్లు వేసి చూసి చెప్పాడు. ఆయన పెట్టింది నూరు ఓములు, నాది వెయ్యి. పది రెట్లు. అందుకే చల్లటి బట్టీ కూడా బోర్డుకు మండుతున్నట్టు కనిపించింది. నూరుది పెట్టి ఆ సాయంత్రమే నేనే బట్టీకి తీసుకుపోయాను. ముట్టించేదాకా అక్కడే నిలబడ్డాను. ఎర్ర లైటు వెలగలేదు. షాపు కూడా మూయలేదు.

ఎక్కడో కరెంటు మిగిలి ఉంటుందని సుబ్బయ్య అంటాడు. కడపలో సామాన్లు అమ్మే ఆయన్ను అడిగితే, ఇంత చిన్న బోర్డులో ఒక రాత్రి దాటి వేడి పుట్టించేంత మిగలదన్నాడు. మా ఆయన వచ్చాడని నేను అనను. అది ఎందుకు వేడెక్కిందో నాకు ఈరోజుకీ తెలియదు.

సుబ్బయ్యా, చాలు, ఆపు. నీ వేలు కాలిన సంగతి రాసినావా, మింగేసినావా? తప్పు ఆయనది కాదు, నాది అన్న ముక్క ఉండాదా? మొదటి నుంచి చదువు, నేను వింటా.