మాటల్లేకుండా ఏడ్చిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు తరగతి గదిలో అందింది. పలాసలో మా హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ఫోను చేసింది హైదరాబాదు నుంచి ఆమె నటిస్తున్న సీరియల్ మేనేజరు. పొద్దున్న మేకప్ కోసం కుర్చీలో కూర్చుందట. అద్దం ముందే తల వాలిపోయిందట. "నిద్రపోతున్నారనుకున్నామండీ" అన్నాడతను. మళ్ళీ అదే మాట అన్నాడు.

టెక్కలి బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. అమ్మ తలుపు తీసి, "బడి మజ్జిలో వచ్చీసేవేటి?" అంది. నా ముఖం చూసింది. "అక్కేనా?" అంది. నేను కూర్చుకున్న మాటలతో పనే లేకపోయింది.

మీలో చాలామందికి ఆమె తెలుసు. పేరు గుర్తు లేకపోయినా ముఖం గుర్తుంటుంది. కోడలిని కాల్చుకుతినే అత్తగా, ఆస్తి కాగితాలు దాచేసే వదినగా, మాట పడిపోయిన బామ్మగా మీ ఇళ్ళలోకి వచ్చింది. ఒకసారి పలాస స్టేషన్లో జీడిపప్పు పొట్లాలు అమ్మే ఆవిడ ఆమెను నిలబెట్టి, "ఆ పిల్లనెందుకలాగ ఏపుకు తింతన్నావు?" అని గట్టిగా అడిగింది. పెద్దమ్మ తల దించుకుని, "తప్పేనమ్మా, మానేత్తాను" అంది. ఆవిడ శాంతించి రెండు జీడిపలుకులు చేతిలో పెట్టింది. రైల్లో నేను నవ్వుతుంటే పెద్దమ్మ నవ్వలేదు. "ఆమెకి నిజంగా బాధేసిందే" అంది.

మా తాతయ్య టెక్కలిలో చర్చి పెద్ద. పెద్దమ్మ మొదటి వేషం క్రిస్మస్ నాటకంలోనే. గర్భిణి భార్యతో వచ్చిన మనిషికి సత్రంలో చోటు లేదని చెప్పి తలుపు వేసే ఆడమనిషి. ఒక్క మాట, అంతే. ఆ మాట ఆమె ఎలా చెప్పిందో గానీ, చాపల మీద కూర్చున్న ఒక ముసలావిడ లేచి, "గుమ్మంలోనైనా కూకోనీవే తల్లీ" అని బతిమాలిందట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అప్పటికి పెద్దమ్మకు పదమూడేళ్ళు.

తర్వాత పలాస నాటక సమాజంలో చేరింది. ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కి వెళ్ళి, జీడిపిక్కలు ఆరబోసే కళ్ళంలో రిహార్సల్ చేసి వచ్చేది. తాతయ్య ఆమెతో మాట్లాడడం మానేశాడు. పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. రాణి వేసింది, దొంగ వేసింది, పిచ్చిది వేసింది. తాసీల్దారు వేషం కట్టేవాడు రాకపోతే మీసం అంటించుకుని అదీ వేసింది. టీవీకి వెళ్ళాక ఒక దర్శకుడు పనిమనిషి పాత్ర ఇచ్చి, "మీ శ్రీకాకుళం యాసలో చెప్పండి, జనం పడీపడీ నవ్వుతారు" అన్నాడట. "మా అమ్మ అలాగే మాట్లాడేదండి. ఎవరూ నవ్వేవారు కాదు" అని చెప్పి వచ్చేసింది. ఏడాదిపాటు మళ్ళీ పిలుపు రాలేదు.

ఆమెలో నన్ను భయపెట్టేది ఒకటుంది. ఎవర్నైనా ఒక్కసారి వింటే చాలు, వాళ్ళు ఆమె గొంతులో ఉండిపోయేవారు. అమ్మమ్మ పోయిన మరుసటి ఏడు, అప్పట్లో కవిటిలో ఉన్న మా ఇంటికొచ్చి, పిల్లలం అడిగితే పెరట్లో నిలబడి అమ్మమ్మలా పిలిచింది. "ఓలే, పొయ్యి మీద పాలున్నాయి సూసేవా?" వంటింట్లో ఉన్న అమ్మ "ఆఁ, సూత్తన్నానమ్మా" అని బదులిచ్చింది. తర్వాత గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పెద్దమ్మ నవ్వబోయి ఆగిపోయింది. అమ్మ రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు.

ఇప్పుడు చెప్పబోయేది అమ్మకు, పెద్దమ్మకు, నాకు, మరొకామెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మరొకామెను అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

అమ్మ కవిటిలో నర్సుగా పనిచేసేది. మా వీధి చివర కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపే ఒకాయన ఉండేవాడు. ఆ చుట్టుపక్కల ఎందరినో తీసుకుపోయిన కిడ్నీ జబ్బే ఆయన్నీ తీసుకుపోయింది. నాకప్పుడు పదిహేనేళ్ళు. పెద్దమ్మ సెలవు మీద వచ్చి ఉంది. పలకరింపుకి ముగ్గురం వెళ్ళాం. ఆయన భార్య శవం పక్కన కూర్చుని రాగం తీస్తూ ఏడుస్తోంది. "ఎక్కిన పెతిసారీ దిగొచ్చీవోడివి కద మావా, ఈసారేటి మావా దిగనంటన్నావు. కింద నిలబడి ఎంతసేపు సూడను మావా." వింటున్న మగవాళ్ళు కూడా పైకి, చెట్ల తలల వైపు చూశారు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె ఏడవడం లేదు. కళ్ళు మూసుకుని వింటోంది.

కొన్ని నెలలకు సీరియల్లో పెద్దమ్మ పాత్రకు భర్త చనిపోయే ఘట్టం వచ్చింది. కవిటిలో అందరం చూస్తున్నాం. పెద్దమ్మ శవం మీద వాలి, "ఎక్కిన ప్రతిసారీ దిగి వచ్చేవాడివి కదా" అంది. కథలో ఆయన మిద్దె మీద నుంచి పడి చనిపోతాడు, మాట అతికినట్టు సరిపోయింది. అమ్మ చేతిలోని చాట కింద పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ చెట్లెక్కే ఆయన భార్య మా గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "అమ్మా, మీ అక్క మా ఆయన్ని టీవీలో ఏడ్సీసింది" అంది. గొంతులో కోపం కూడా లేదు. "నానింక ఏడుద్దామంటే ఆ మాట నాది కాకుండా పోనాది. నిన్న సందేల ఏడిత్తే, టీవీలోది సెప్తన్నాదని పక్కింటోళ్ళు నవ్వినారు."

అమ్మ ఫోను చేస్తే పెద్దమ్మ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. మూడో రోజుకి కవిటిలో ఉంది. నన్ను తోడు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళింది. ఆవిడ వాకిట్లో కొబ్బరికాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు. పెద్దమ్మ నేల మీద కూర్చుంది.

"తప్పు సేసేను" అంది.

"నీకా మాట ఎలాగొచ్చింది?"

"ఏడవమన్నారు. ఏడుపొచ్చింది గానీ మాట రాలేదు. నోరు తెరిత్తే నీ మాటే వచ్చింది."

ఆవిడ మరో కాయ అందుకుంది. ఒలిచింది. "ఆ రోజు నానేటన్నానో నాకే గేపకం లేదు. టీవీలో ఇన్నాకే తెలిసింది" అంది. తర్వాత, "అంతా గేపకముందా నీకు?" అని అడిగింది.

"ఉంది."

"అయితే సెప్పు. ఒక్కసారి ఇంటాను."

పెద్దమ్మ నా వైపు చూసింది. తర్వాత ఆమె చెప్పింది. రాగం తియ్యలేదు, నటించలేదు. ఎవరో ఇచ్చి పంపిన కబురు అప్పజెబుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా మెల్లగా చెప్పింది. ఆవిడ వింటూ వింటూ కాయ పక్కన పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి, "ఇంకెక్కడా అనకు" అంది. పెద్దమ్మ తల ఊపింది.

ఆ తర్వాత పాతికేళ్ళపాటు పెద్దమ్మ తెర మీద గానీ, రంగస్థలం మీద గానీ మాటలతో ఏడవలేదు. రచయితలు పేజీలకు పేజీలు రాసిచ్చేవారు. పక్కన పెట్టేసేది. మొదట్లో దర్శకులు విసుక్కున్నారు, కొందరు తీసేశారు కూడా. తర్వాత అదే ఆమె ప్రత్యేకత అయింది. మౌనంతో ఏడిపించే నటి అని పత్రికలు రాశాయి. ఆ కత్తిరింపులు నేను పంపితే ఆమె దాచుకునేది కాదు.

"రంగు కడిగితే పోద్ది. మనిషి పోదే" అని ఒకసారి నాతో అంది. "ఆమె నా గొంతులో కూకుండిపోనాది. నాను నోరు తెరవగానే లేసి నిలబడతాది." కాలం గడిచేకొద్దీ తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. షూటింగ్ లేని వారాల్లో కవిటి వెళ్ళి ఆవిడ వాకిట్లో కూర్చుని వచ్చేది. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారని అడిగితే, "కాయలు ఒలుత్తాం" అనేది.

పెద్దమ్మను టెక్కలి తీసుకొచ్చాం. సీరియల్ వాళ్ళు పెద్ద పెద్ద దండలు తెచ్చారు. సంఘంలోని ఆడవాళ్ళు కీర్తనలు పాడారు. ఒకప్పుడు తాతయ్య కూర్చునే కుర్చీలో కూర్చున్న పాస్టరుగారు ఆమె కోసం బాగా ప్రార్థన చేశారు. కవిటి నుంచి ఆవిడ వచ్చింది. ఇప్పుడు ముసలిదైపోయింది, పాదాల వాపులతో కష్టంగా నడుస్తోంది. పెట్టె దగ్గర కూర్చుని, సమాధి పూడ్చేవరకూ పెదవి విప్పలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒకామె ఆవిడెవరని అడిగితే అమ్మ, "మా వాళ్ళే" అంది.

అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో అమ్మా, నేనూ మిగిలాం. సీరియల్ ఆగలేదు. పెద్దమ్మ నటించి వెళ్ళిన భాగాలు ఇంకా రెండు వారాలకు సరిపడా ఉన్నాయి. కానీ వాటికి ఆమె డబ్బింగ్ చెప్పలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు టీవీ పెట్టాను. పెద్దమ్మ పసుపుపచ్చ చీరలో మెట్లు దిగి వచ్చింది, నోరు తెరిచింది. ఎవరో పడుచు గొంతు పలికింది.

అమ్మ ఉలిక్కిపడి రిమోట్ అందుకుంది. కట్టేస్తుందనుకున్నాను. కట్టలేదు. సౌండు పూర్తిగా తగ్గించేసి, కుర్చీ ముందుకు జరుపుకుని, తెరకు దగ్గరగా వంగి కూర్చుంది. లోపల పెద్దమ్మ ఎవరితోనో ఏదో చెబుతోంది. అమ్మ కళ్ళు ఆర్పకుండా ఆ పెదవులనే చూస్తోంది. కాసేపటికి అమ్మ పెదవులు కూడా, చప్పుడు లేకుండా, కదలడం మొదలుపెట్టాయి.