బాగుచేసి తెచ్చిన గిటారు

మా వీధి మలుపులో ఉన్న బేకరీలో పిండి పిసికే ఆవిణ్ణి అందరూ బన్నక్క అంటారు. ఆమె అసలు పేరు భర్తకైనా చప్పున గుర్తొస్తుందో లేదో అనుమానమే. పిండి కలపడానికి బేకరీలో యంత్రం ఉంది గానీ దానిమీద ఆమెకు నమ్మకం లేదు. యంత్రం కలిపి ఇచ్చిన పిండిని మళ్లీ బల్లమీద వేసి, అరచేతి మడమతో గట్టిగా నాలుగు పోట్లు పొడిస్తే తప్ప ఆమెకు తృప్తి ఉండదు. యాభై దాటినా ముంజేతులు మూటలు మోసేవాళ్ల చేతుల్లా ఉంటాయి. ఆ చేతులతోనే ఆమె ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది.

అది ఆమె కొనుక్కున్నది కాదు. పెళ్లయిన కొత్తలో, బేకరీ పైగదిలో అద్దెకుండే మనిషి ఒకడు చెప్పాపెట్టకుండా ఖాళీ చేసి వెళ్తూ మంచం కింద వదిలేసి పోయాడు. యజమాని దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యబోతే, "నాకివ్వండి, తుడిచి పెట్టుకుంటాను" అని ఇంటికి తెచ్చుకుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. రేడియోలో పాట వస్తుంటే పక్కన కూర్చుని, ఏ తీగమీద ఎక్కడ నొక్కితే ఆ స్వరం పలుకుతుందో వెతుక్కుంటూ వెతుక్కుంటూ తనంతట తనే పట్టేసింది. తీగలు మెడకు బాగా ఎత్తుగా ఉండేవి, బలం పెట్టి నొక్కితే గానీ పలికేవి కావు. గిటారంటే అలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. ఇంకో గిటారును ఆమె ఎప్పుడూ చేత పట్టుకోలేదు మరి.

ఆమె మరిది డ్రమ్ములు వాయిస్తూ పాడతాడు. వదినా మరిదీ ఇద్దరూ కలిసి ఆదివారం సాయంత్రాలు కాలనీ హాల్లో వాయిస్తారు. రిటైరైన వాళ్లు జంటలుగా వచ్చి మెల్లగా డాన్సు చేసుకుని పోతుంటారు. సిటీ బస్సు నడిపే భర్త స్పీకరు పెట్టె మోసుకొచ్చి స్టేజీ మీద పెట్టి, వెనక కుర్చీలో కునుకు తీస్తాడు. ఏళ్ల తరబడి ఇలాగే సాఫీగా సాగిపోయింది.

ఒక ఆదివారం పాట మధ్యలో గిటారు గొంతు పోయింది. వైరు కదిలిస్తే ఒకసారి గుర్రుమంది, వదిలేస్తే మళ్లీ మౌనం. ఆ సాయంత్రమంతా మరిది ఒక్కడే డ్రమ్ములతో నెట్టుకొచ్చాడు. మర్నాడు వచ్చి కూర్చున్నాడు.

"వదినా, ఇంకెన్నాళ్లు దీన్ని బతిమాలుకుంటావ్? ఫ్రేములు కట్టే కొట్టు వెనక గిటార్లు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. చూపించు."

"వైరొక్కటే కదయ్యా. దానికి ముసలాయనెందుకు?"

"ఆ వైరే చూపించు."

ఫ్రేముల కొట్టు పక్క సందులోంచి వెళ్తే చిన్న గది. పైకప్పు నుంచి వేళ్లాడుతున్న గిటార్లు, కొన్నిటికి తీగల్లేవు, కొన్నిటికి తలల్లేవు. కరిగిన సీసం వాసన. ముసలి మెకానిక్ ఆమె గిటారును అందుకుని వైరు వంక కూడా చూడలేదు. ఒక చివర పట్టుకుని కన్ను దగ్గర పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించేవాడిలా మెడ పొడవునా చూశాడు. కిందికి దించి ఆమెను చూశాడు. మళ్లీ గిటారును చూశాడు.

"అమ్మాయ్, ఇన్నేళ్లూ దీన్నే వాయించావా?"

"అవును బాబాయ్."

"ఎలా?"

అది మెచ్చుకోలో మందలింపో ఆమెకు అర్థం కాలేదు. ఎలా అంటే ఏం చెప్తుంది? నవ్వి, వైరు చూపించింది. మెడ విల్లులా వంగిపోయిందనీ, తీగల కింద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు అరిగి గుంటలు పడ్డాయనీ, ఏ తీగ పొడవూ ఉండాల్సినట్టు లేదనీ ఆయన గొణుగుతూనే ఉన్నాడు.

"వైరొక్కటి చూస్తే చాలు బాబాయ్."

"చూస్తాగా. వదిలేసి వెళ్లు."

వారం తిరిగేసరికి కబురొచ్చింది. వెళ్లి తెచ్చుకుంది. మరకలన్నీ తుడిచి, కొత్త తీగలు వేసి, పెళ్లికి తయారైనట్టు ఉంది గిటారు. వైరు బిగించి మీటితే ఖంగుమంది. ఆయనకు దండం పెట్టి సంతోషంగా ఇంటికొచ్చింది.

ఇంట్లో కూర్చుని తనకు బాగా వచ్చిన పాట ఎత్తుకుంది. మొదటి స్వరానికే నొసలు చిట్లించింది. రెండోది ఇంకా ఘోరం. వేలు పెట్టిన చోటే పెడుతోంది, పలకాల్సింది మాత్రం పలకడం లేదు. ప్రతి స్వరమూ ఉండాల్సినదానికన్నా ఒక పిసరు పైకి పోయి, పులిసిపోయినట్టు వినిపిస్తోంది. తీగలు సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే. వేళ్ల కింద తీగలు మరీ దగ్గరగా, ఎక్కడో మెట్టుందనుకుని కాలేస్తే నేల తగిలినట్టుగా ఉంది.

ఇది నాది కాదేమో అనుకుంది. గదిలో అన్ని గిటార్లున్నాయి, ఏదో మారిపోయి ఉంటుంది. వెనక్కి తిప్పి చూసింది. ఓవెన్లోంచి తీసిన ట్రే ఒకసారి ఆనించినప్పుడు పడిన కాలిన మచ్చ ఉన్నచోటే ఉంది. అది చూసి ధైర్యం రావాల్సింది పోయి ఇంకా బుర్ర తిరిగిపోయింది. మారిపోయిందంటే ఒక దారి. మారలేదంటే ఏమనుకోవాలి?

భర్త పొద్దుటి డ్యూటీ దిగి వచ్చి విషయం విన్నాడు.

"బస్సును సర్వీసింగుకి పంపినా అంతేనే. తిరిగొచ్చాక బ్రేకు తొక్కితే ముందుకు పడతాం. కొన్నాళ్లకి కాలే సర్దుకుంటుంది."

"బస్సుకీ దీనికీ పోలికేంటండీ?"

"అన్నీ ఇనుమేగా" అని ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆ ఆదివారం ఆమె ఎంత జాగ్రత్తగా వాయించాలని చూసిందో అంత అధ్వానంగా వచ్చింది. ఎప్పుడూ మొదటి వరసలో డాన్సు చేసే పెద్ద జంట మధ్యలో ఆగిపోయారు. పెద్దావిడ స్టేజీ దగ్గరికొచ్చి, "ఇది వేరే పాటా అమ్మా?" అని నిజంగానే తెలుసుకుందామని అడిగింది. బన్నక్క తీగలు సరిచేసుకుంటూ, కాదండీ, అదే పాట అంది. ఆవిడ ఓహో అని వెళ్లి కూర్చుంది. ఆ ఓహో రెండ్రోజులు ఆమె చెవుల్లో మోగింది.

చెవులు. ఆ మాట తట్టగానే ఆమెకు భయమేసింది. గిటారు తనదే, చేతులు తనవే. మిగిలింది చెవులేగా. మరిది కూడా, "ఒంట్లో బాలేదా వదినా? నేను పాడేది నీకు సరిగ్గా వినపడుతోందా?" అని అడిగేసరికి భయం గట్టిపడింది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఒక చిన్న గాజుగదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడ్డప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆమె మీటను పిండి నొక్కినట్టు నొక్కింది. బయట కూర్చున్న అమ్మాయి కిటికీలోంచి, మెల్లగా నొక్కినా చాలండీ అని సైగ చేసింది.

డాక్టరు కాగితం చూసి, "మీ చెవులకేం? మీ వయసుకి ఇంత బాగుండటం అరుదు" అన్నాడు.

"అయితే మరి ఎందుకలా వినపడుతోంది?"

"ఎలా వినపడుతోంది?"

"తప్పుగా."

"తప్పు తప్పుగా వినపడుతోందంటే చెవి పనిచేస్తున్నట్టే కదమ్మా" అన్నాడాయన. మాట బాగానే ఉంది. కానీ బస్సు ఎక్కి ఇంటికొచ్చేదాకా ఆలోచించినా దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు పాలుపోలేదు.

చివరికి గిటారు భుజాన వేసుకుని మళ్లీ ఫ్రేముల కొట్టు వెనక్కి వెళ్లింది. విషయం చెప్పగానే మెకానిక్ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తన పనిలో తప్పుందని ఎవరూ అనలేదట ఇంతవరకూ. గిటారు లాక్కున్నట్టే తీసుకుని స్టూలు మీద కూర్చుని వాయించాడు. ఏ పాటో కాదు, అలా వేళ్లు పోనిచ్చాడు. గది నిండిపోయింది. ప్రతి స్వరమూ కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా ఉంది. ఇంట్లో చెప్పిన మాట వినని పిల్లాడు పక్కింట్లో బుద్ధిగా కూర్చుని పాఠం ఒప్పజెపుతుంటే చూసిన తల్లిలా నిలబడిపోయింది బన్నక్క. గర్వపడాలా, ఏడవాలా తెలియలేదు.

"విన్నావుగా. ఏం తప్పుంది?"

"ఏం లేదు."

"మరి?"

"మళ్లీ పాడుచెయ్యండి బాబాయ్."

ఆయన వాయించడం ఆపేశాడు. "ఏంటీ?"

"ముందెలా ఉందో అలా చేసెయ్యండి. నాకదే వచ్చు."

"పాడుచెయ్యడం నాకు రాదమ్మాయ్" అన్నాడు గానీ, ఆమె కళ్లు చూసి కాదనలేకపోయాడు. మెడ లోపలుండే ఇనుప కమ్మీని వదులు చేశాడు. తీగలను పైకి లేపాడు.

"ఇంత ఎత్తుండేవా?"

"ఇంకా ఉండేవేమో."

"ఇంతా?"

"అది మరీ ఎక్కువ. ఏమో, ఇంతే ఉండేవి కాబోలు."

ఇద్దరికీ గుర్తులేదు. బాగుచేసినాయనకు ఎలా ఉండాలో తెలుసు గానీ ఎలా ఉండేదో తెలియదు. వాయించినావిడకు వేళ్లకు తెలుసు గానీ నోటికి తెలియదు. ఆయన తిప్పి ఇచ్చాడు, ఆమె మీటింది, కాదంది. మళ్లీ తిప్పి ఇచ్చాడు. ఇప్పుడది ఆయనకూ పలకడం లేదు, ఆమెకూ పలకడం లేదు. ఇద్దరూ గిటారును మధ్యలో పెట్టుకుని దారి తప్పినవాళ్లలా చూసుకున్నారు.

కాసేపటికి మెకానిక్, "ఒకసారి నీ పాట వాయించు. ఎలా వస్తే అలాగే. నేను నీ చేతులు చూస్తాను" అన్నాడు. ఇంతవరకూ ఆయన ఆమె వాయించగా చూడనేలేదు. ఆ సంగతి అప్పటిదాకా ఇద్దరికీ తట్టలేదు.

ఆమె సిగ్గుపడుతూనే మొదలుపెట్టింది. ఆయన స్టూలు దగ్గరికి జరుపుకుని, వేళ్లకు ముఖం ఆనించినంత పనిచేసి చూశాడు. నొక్కినప్పుడల్లా ఆమె గోళ్లు తెల్లబడుతున్నాయి. తీగ పట్టీకి తగిలాక కూడా వేలు ఆగడం లేదు, ఇంకా లోపలికి పోతూనే ఉంది. శ్రుతి చూపే చిన్న మీటరు తగిలించాడు. ఖాళీ తీగ మీటితే ముల్లు నడుమకు వచ్చి నిలబడింది. ఆమె వేలు పెట్టగానే శ్రుతి హెచ్చిన పక్కకు ఒరిగిపోయింది.

"ఓరి దేవుడా" అన్నాడు మెల్లగా. "నొక్కితే శ్రుతి పైకి పోతుందని, నువ్వు తీగల శ్రుతిని ముందే కాస్త దించి కట్టుకునేదానివి. కదూ?"

"ఏమో. చెవికి బాగుండేలా కట్టేదాన్ని."

"ఆ దించడం కూడా ఆ పాత ఎత్తుకి సరిపోయేలా చేసుకున్నావ్. నేనొచ్చి ఎత్తు మార్చేశా. నా వేళ్లకి సరిచేసి, నీ చేతికిచ్చా."

బన్నక్కకు సగం అర్థమైంది. "అంటే నేను తప్పుగా నేర్చుకున్నానా?"

ఆయన గెడ్డం గోక్కున్నాడు. "తప్పని అనలేను. ఒప్పనీ అనలేను. కాస్త మెత్తగా నొక్కడం వస్తుందా?"

ప్రయత్నించింది. రెండు స్వరాలు మెత్తగా వచ్చాయి, మూడోదానికి చెయ్యి మళ్లీ బల్లమీది పిండిని గుర్తు తెచ్చుకుంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

అప్పుడు పని కొత్తగా మొదలైంది. తను ముందు వేసిన సన్నటి తీగలు తీసేసి, ఆ చేతి బరువుకు తట్టుకునే లావువి వేశాడు. మెడను మళ్లీ నిటారు చేసి, తీగలను మరీ కిందికి దించకుండా కాస్త ఎత్తులో ఆపాడు. "ఇప్పుడు నువ్వు నొక్కు, నేను తిప్పుతాను" అన్నాడు. ఆమె తన అలవాటు ప్రకారం నొక్కి పట్టుకుంటే, ఆయన ముల్లును చూస్తూ తీగ చివరనున్న చిన్న మర కదిపాడు. ముల్లు నడుమకు వచ్చేదాకా ఒక్కో తీగనూ అలాగే చూశాడు. వేళ్లు నొప్పి పుట్టినా ఆమె వదల్లేదు. సాయంత్రానికి గిటారు ఆమె చేతికిచ్చి, సీసం కరిగించే పొయ్యి ఆర్పేశాడు.

ఇంట్లో వాయిస్తే పాట పాటలాగే వచ్చింది. స్వరాలు నిలబడ్డాయి. అయినా అది పాత గిటారు కాదు, ఆయన వాయించిన శుభ్రమైన గిటారూ కాదు. లోతైన, బరువైన గొంతొకటి వచ్చింది. దానితో ఆమెకు పరిచయం లేదు. తమ పాటల్లో ఒకదానిలో, చివర్న తీగ వణికి మూలిగినట్టు వచ్చే చోటు ఒకటుండేది. హాల్లో వాళ్లు ఆ చోట చప్పట్లు కొట్టేవాళ్లు. అది తన నేర్పనుకునేది. ఇప్పుడెంత ప్రయత్నించినా ఆ మూలుగు రాలేదు. ఇన్నాళ్లూ చప్పట్లు తనకా, వంగిపోయిన మెడకా అనే అనుమానం పట్టుకుంది.

తర్వాతి ఆదివారం హాల్లో జంటలు ఆగకుండా డాన్సు చేశారు. అయ్యాక ఒకాయన మరిది దగ్గరికొచ్చి, గిటారుకి కొత్తవాళ్లను పెట్టుకున్నారా, బాగుంది అన్నాడు. బన్నక్క పక్కనే వైరు చుట్టుకుంటూ ఉంది. మరిది పొంగిపోయాడు. ఆమె మాత్రం ఆ పొగడ్తను తీసుకోవాలో తిప్పి పంపాలో తేల్చుకోలేక వైరును అక్కరకన్నా గట్టిగా చుట్టింది.

"ఇంతకీ బాగైనట్టా, కానట్టా?" అన్నాడు భర్త, స్పీకరు పెట్టె ఎత్తుకుంటూ.

"వాయిస్తున్నంతసేపూ బాగుందండీ. ఆపాక ఏదో మర్చిపోయి వచ్చినట్టుంది."

"ఏం మర్చిపోయావ్?"

"అది తెలిస్తే ఇంకేం."

ఒకసారి మెకానిక్ కూడా హాలుకొచ్చి, గోడకానుకుని చివరిదాకా విన్నాడు. అయ్యాక స్టేజీ దగ్గరికొచ్చి, మూడో తీగ ఇంకొక్క పిసరు కదపాలమ్మాయ్, ఒకసారి కొట్టుకి తీసుకురా అన్నాడు. బన్నక్క గిటారు పట్టీని భుజంమీద సర్దుకుని, అలాగే బాబాయ్, వచ్చే వారం తెస్తాను అంది. వానాకాలం వెళ్లి చలికాలం వచ్చింది, ఆమె ఇంకా తీసుకెళ్లలేదు. ఆయన కనపడ్డప్పుడల్లా అడుగుతాడు. ఆమె వచ్చే వారమే అంటుంది.