బాదం చెట్టు మీద నా గోళ్లు

మా చిన్నప్పుడు... మద్రాసు చూలై పేటలో మా నాన్న రేకు పెట్టెలు చేసే కొట్టు ముందు నేనొక బాదం కాయ పాతాను. నాలుగేళ్లకే చూరు దాటింది. దాని నీడ సగం మాకు, సగం పక్కింటి రంగమ్మత్త వాకిట్లో.

రంగమ్మత్త అప్పడాలు అమ్మి బతికేది. రోజూ ఇదే గోల.

"ఏందే పిల్లా, నీ చెట్టు నీడలో నా అప్పడాలు ఎప్పుడెండేది? మెత్తటి అప్పడం ఎవురు కొంటారు?"

ఆ మాఘమాసంలో ఆకులన్నీ ఎర్రబడ్డాయి... పది రోజుల్లో ఒక్కటీ లేకుండా రాలిపోయాయి. అంతకుముందెప్పుడూ అంత బోసిగా చూడలేదు. నా అనుమానం నేరుగా పక్కింటికే పోయింది. ఎందుకంటే ఆమె రోజూ సాయంత్రం చెంబుతో వచ్చి చెట్టు మొదట్లో ఏదో పోసేది. వేడి గంజే అయుంటుంది!

నాన్న గోటితో బెరడు గీకి చూపించాడు. లోపల పచ్చగా ఉంది. "జీవముంది, ఊరికే ఉండు" అన్నాడు.

నేను నమ్మితే కదా! పొద్దునొకసారి, సాయంత్రమొకసారి గీకి చూసుకున్నాను. ఒక రోజు తలుపు చాటున కాపు కాసి, ఆమె చెంబు పట్టేసుకున్నాను.

"నా చెట్టును చంపతా ఉండావు!" అని వీధంతా వినేలా అరిచాను.

"వేడుందా? చెయ్యి పెట్టి చూడు. మినప్పప్పు కడిగిన నీళ్లు!" అని నా చెయ్యి లాగి నాన్న ముందు పెట్టింది. "చంపేది ఎవురో ఈ గోళ్లనడగన్నా!"

గోళ్ల నిండా పచ్చటి బెరడు... చూస్తే మాను చుట్టూ చర్మం ఊడిపోయుంది. నాన్న పేడ, ఎర్రమట్టి కలిపి పూసి గోనెపట్టీ చుట్టాడు. నెల తిరిగేసరికి చిగురేసింది.

"అప్పడాలు ఎండవంటివే, మరి నీళ్లెందుకు పోశావు?" అని అడిగాను.

"ఎండబెట్టేదానికి ఎండ కావాల... ఒత్తేదానికి నీడ వద్దా?" అంది.

ఆ మాట అప్పుడూ పూర్తిగా నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఒక్క చెంబైనా వేడిగా ఉండే ఉంటుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మా ఇంటి పై అంతస్తువాళ్లకు కారు నిలపడానికి చోటు కావాలట. ఆ బాదం చెట్టు ఎండిపోయింది, కొట్టేద్దాం అంటున్నారు. సరిగ్గా ఆకు లేని నెల చూసుకునే అన్నారు, గమనించండి! నేను పోయి గీకి చూశాను... ఒక్కచోటే. పచ్చగా ఉంది. నాకు చదువు రాదు, మా మనవరాలు రాస్తోంది. రెండుసార్లు చదివించుకుని విన్నాను, ఒక్క మాటా మార్చలేదు.

రంగమ్మత్త తిడుతూ నీళ్లు పోసేది... వీళ్లు అరవంలో అవ్వా అన్నట్టు "బాగున్నారా పాటీ" అని నమస్కారం పెట్టి గొడ్డలి తెస్తున్నారు.

మీ ఇంటి ముందు కూడా ఆకు రాల్చిన చెట్టుందా? అది చచ్చిపోయిందని మీకు చెప్పిందెవరు?