దురద ఉందా అని అడగని రోజు

ఈ ఉదయం మా కాలనీ పక్క ఖాళీ స్థలంలో మున్సిపాలిటీ వాళ్లు పిచ్చిమొక్కలు కోస్తున్నారు. రాత్రి వాన పడింది. కొడవలి పడిన ప్రతి మొక్క నుంచీ ఒక చేదు వాసన లేచి కిటికీలోంచి లోపలికి వచ్చింది. టీ కప్పు కింద పెట్టి, కిటికీ మూయబోయి ఆగిపోయాను. వయ్యారిభామ! పేరెవరు పెట్టారో గానీ ఎంత ముద్దుగా పెట్టారు! అది ఒంటికి పడనివాళ్లను ఏం చేస్తుందో చూసినవాళ్లు మాత్రం ఆ పేరును అంత ముద్దుగా పలకలేరు. నాకు ఆ వాసన తగిలితే మొదట గుర్తొచ్చేది నేను చేసిన తప్పు. వెంటనే గుర్తొచ్చేది ఆ తప్పును నా చేతే దిద్దించిన డాక్టర్ సుభద్రమ్మ గారు. ఆమె దగ్గర పని నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకు ఇవాళ్టికీ గర్వమే. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, హనుమకొండలో ఆమె నడిపే చర్మవ్యాధుల దవాఖానలో చేరాను. కింద రెండు గదులు దవాఖాన, పైన ఇల్లు. బజారు జనం ఆమెను 'తోలు డాక్టరమ్మ' అనేవాళ్లు. కొత్తగా చదువుకొచ్చినదాన్ని, నాకది నామోషీగా ఉండేది. "వాళ్లతో చర్మం డాక్టరు అనిపించొచ్చు కదా మేడం" అని ఒకసారి అంటే, "తోలు గాక మన ఒంటి మీద ఇంకేమున్నది పిల్లా, పట్టుచీరనా?" అని పడీపడీ నవ్వారు. వాళ్ల నాన్నకు బజార్లో బట్టల దుకాణం ఉండేది. ఆయన గుడ్డ తాను విప్పి అంచును రెండు వేళ్ల మధ్య పట్టి చూసినట్టే ఈమె రోగి చర్మాన్ని పట్టి చూసేవారు. ఆ తర్వాత, నాకు మొదట్లో వింతగా తోచిన పని ఒకటి చేసేవారు. రోగి అరచేతులు దగ్గరికి తీసుకుని వాసన చూసేవారు. "మనిషి నోరు మరిచిపోయింది చెయ్యి చెప్తది" అనేవారు.

కొత్తవాడ నుంచి ఒక రంగుల పనివాడు వచ్చినప్పుడు ఆ మాటకు అర్థం తెలిసింది. జంపఖానాలు నేసే నూలుకు రంగులద్దే మనిషి. రెండు చేతులూ పగిలి, నీరు కారుతున్నాయి. అంతకుముందు చూసిన డాక్టర్లందరూ రంగు పడలేదు, పని మానెయ్యమన్నారట. "పని మానేస్తే తినుడెట్ల అమ్మా?" అన్నాడతను. సుభద్రమ్మ గారు అతని చేతులు వాసన చూసి, ఇది రంగు ఒక్కటే కాదని, మందు రాయకుండా మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కొత్తవాడ వెళ్లారు. రంగు కాగుల పక్కన పీట వేయించుకుని పొద్దంతా కూర్చున్నారు. నాకైతే ఎప్పుడు ఇంటికి పోతామా అని ఉంది. సాయంత్రం పని ముగిశాక అతను ఒక డబ్బాలోంచి బ్లీచింగ్ పౌడరు దోసిట్లో పోసుకుని, నీళ్లు చల్లుకుని, రంగు వదిలేదాకా కసకసా రుద్దుకోవడం మొదలుపెట్టాడు. సుభద్రమ్మ గారు లేచి నిలబడి, "ఆగు, ఆగు! దొరికింది దొంగ!" అని అరిచారు. అతను పని మానలేదు, పౌడరు మానాడు. నెల తిరగకముందే మానిన చేతులు చూపించడానికి వచ్చాడు.

ఇన్ని కళ్లారా చూసీ నేను ఏం నేర్చుకున్నానంటే, ఏమీ నేర్చుకోలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, అదీ నా సంగతి. ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో సుభద్రమ్మ గారు మేనకోడలి పెళ్లికి డోర్నకల్ వెళ్లారు. దవాఖాన నా మీద పెట్టారు. కుర్చీలో కూర్చున్న గంటకే నేనే పెద్ద డాక్టర్నైపోయాను. రెండో రోజు తొర్రూరు అవతలి పల్లె నుంచి సారయ్య అనే రైతు తన భార్య కొమురమ్మను తీసుకొచ్చాడు. ఆమెకు ఇరవై రెండేళ్లుంటాయేమో. మొహమంతా నల్లబడి దళసరెక్కింది. కనురెప్పలు వాచాయి. చెవి తమ్మెలు లావయ్యాయి. ఒళ్లో ఎనిమిది నెలల ఆడపిల్ల, తల్లి కొంగు నోట్లో పెట్టుకుని నమిలేస్తోంది. నేను పుస్తకంలో చూసిన బొమ్మ గుర్తొచ్చింది. అంతే, ఇంకేమీ చూడలేదు. చీటీ మీద ఇంగ్లీషులో 'లెప్రసీ' అని రాసి, పక్కన ప్రశ్న గుర్తు పెట్టి, పెద్ద దవాఖానకు వెళ్లి చూపించుకోమన్నాను. గొప్ప రోగం కనిపెట్టానని ఆ రాత్రి నిద్ర కూడా హాయిగా పట్టింది, సిగ్గులేకుండా.

నాలుగో రోజు సుభద్రమ్మ గారు తిరిగొచ్చారు. నేను కొమురమ్మ సంగతి గొప్పగా చెప్పుకొచ్చాను. ఆమె పెళ్లి లడ్డూల పొట్లం విప్పుతూ వింటున్నారు. అంతా విని, ఒకటే అడిగారు.

"దురద ఉన్నదా అని అడిగినవా?"

నేను అడగలేదు. కానీ నా కళ్ల ముందు కొమురమ్మ కదిలింది. కూర్చున్నంతసేపూ మెడ గోక్కుంటూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. అదే చెప్పాను.

"కుష్టు మచ్చల స్పర్శ పోతది గదా బిడ్డా. గంత దురద పుడ్తాందంటే స్పర్శ ఉన్నట్టే గదా! దూది పెట్టి చూసినవా?"

"లేదు మేడం. కానీ ప్రశ్న గుర్తు పెట్టాను."

"ఊర్లె చదివెటోనికి ప్రశ్న గుర్తు కనపడ్తదా? మాటే కనపడ్తది." ఆమె ఆ పూట లడ్డూ ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే తొర్రూరు బస్సెక్కాం. దారిలో నేను బతిమాలాను. "మీరు చెప్పండి మేడం, చీటీ రాసింది నేనని చెప్పకండి" అన్నాను. ఆమె కిటికీ వైపే చూస్తూ, "రాసింది నువ్వు. చెప్పేది గూడ నువ్వే" అన్నారు.

ఊళ్లోకి వెళ్లేసరికి నేను భయపడినదంతా జరిగిపోయింది. ఊళ్లో చదువుకున్న ఒకతను సారయ్యకు చీటీ చదివి చెప్పాడట. ఆ పూటే అత్త లచ్చమ్మ పసిపిల్లను లాక్కుని, కోడల్ని ఇంటి వెనక పశువుల కొట్టంలోకి పంపింది. పిల్లకు మేకపాలు పడుతున్నారు. సారయ్య పెద్ద దవాఖానకు పోదామంటే, నలుగురికీ తెలిస్తే బతకలేమని లచ్చమ్మ ఒప్పుకోలేదు. కొమురమ్మ మొహం నేను చూసిన నాటికంటే ఘోరంగా ఉంది. కళ్లు దాదాపు మూసుకుపోయాయి. రవిక రెండు వైపులా తడిసి ఉంది. నన్ను గుర్తుపట్టి, తిట్టలేదు, ఏడవలేదు. "పాలు గడ్డ కడ్తానయ్ డాక్టరమ్మా. పిల్ల ఏడుస్తాంటే ఇక్కడికి ఇనపడ్తాంది. ఒక్కపారి పట్టి ఇచ్చేస్త అని చెప్పరాదు" అంది. ఆ మాట విన్నాక నేను తలెత్తలేకపోయాను. ఒక్క ప్రశ్న అడగడానికి బద్ధకించి, పాలు తాగే పిల్లను తల్లి నుంచి విడదీశాను. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చింది నేనే.

సుభద్రమ్మ గారు కొమురమ్మను కళ్లు మూసుకోమని, మొహం మీదా చేతుల మీదా దూదిపోచతో తాకుతూ పోయారు. తాకిన ప్రతి చోటా కొమురమ్మ వేలు పెట్టి చూపించింది. అనుమానం మిగలకూడదని చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి పరీక్షకు కాస్త రసం కూడా తీశారు. తర్వాత అరచేతులు వాసన చూసి, చేదుగా ఉందన్నారు. "పొద్దుగాల లేవంగనె ముందుగాల ఏం పట్టుకుంటవ్ బిడ్డా?"

"పొరక పడ్తనమ్మా. కొట్టం ఊడ్వాలె గదా."

మూలన ఆనించి ఉంది ఆ పొరక. ఎండిన వయ్యారిభామ మొక్కలను కట్టగా కట్టి చేసుకున్నది. ఆ ఇంట్లో వాకిలికీ, కళ్లానికీ, కొట్టానికీ అదే. "పిచ్చిచెట్టు మస్తుగున్నది, చీపురు కొనుడెందుకు?" అంది లచ్చమ్మ. ఊడ్చినప్పుడల్లా ఆ దుమ్మే కొమురమ్మ మొహం మీద పడేది. కొట్టంలోకి తోసినప్పటి నుంచి రోజుకు మూడుసార్లు ఊడుస్తోంది. రోగం అంటుకుంటుందని ఎక్కడ దాచారో అక్కడే రోగం ఉంది.

లచ్చమ్మ ఇదంతా నమ్మలేదు. ఆమె మాటలోనూ న్యాయముంది. "ఏండ్ల సంది అందరం గదే పొరక పడ్తానం. మాకు లేని రోగం దానికే ఎట్లొచ్చిందమ్మా? మొన్న ఈ పొల్ల డాక్టరమ్మ ఒకటి చెప్పె, ఇయ్యాల నువ్వింకోటి చెప్పవడ్తివి!" అంది. వాకిట్లో జనం మూగారు. సుభద్రమ్మ గారు నా వైపు చూశారు. ముందుకొచ్చి చెప్పాను: "చీటీ రాసింది నేనే. తప్పు రాశాను. సరిగా చూడకుండా రాశాను." చెప్పాక భూమి బద్దలేమీ కాలేదు. లచ్చమ్మ నన్ను ఎగాదిగా చూసి, "సదువుకున్నదానివి, జర సూసుకోవద్దా?" అంది. వద్దా మరి!

అప్పుడు సుభద్రమ్మ గారు చేసిన పని ఏ పుస్తకంలోనూ లేదు. "అక్కా, ఇందుల నా మందు ఒక్క చుక్క గూడ ఉండదు. నువ్వే పోయి నీ చేత్తోని ఆ పిచ్చిచెట్టు ఆకు తెంపుకరా" అన్నారు. లచ్చమ్మ తెచ్చింది. ఆ ఆకును నాలుగు ముక్కలు చేసి, తడి గుడ్డపేలికలో పెట్టి, నాలుగు చేతుల మీద ప్లాస్టరు వేశారు. ఒకటి కొమురమ్మకు, ఒకటి నాకు, ఒకటి తనకు, నాలుగోది లచ్చమ్మకు. "రెండు దినాలు తడుపొద్దు, ఇప్పొద్దు. మళ్ల మేమొస్తం. ఆకు ఎవరి ఒంటికి పడదో వాళ్ల చెయ్యే పొక్కుతది, కడమోళ్లకు ఏం గాదు" అన్నారు. వెళ్లేముందు పొరక తీయించి, దాని పొగ కూడా పడదని తగలబెట్టకుండా దూరంగా గొయ్యి తీసి పూడ్పించారు. కొమురమ్మకు పూత మందిచ్చి, పాలు పిండి పోస్తూ ఉండమని, ఎండనివ్వొద్దని చెప్పారు. లచ్చమ్మతో మాత్రం, "కుష్టే అయినా సరే, కొట్టంల పండబెట్టొద్దక్కా. దానికి గూడ మందున్నది" అని కొంచెం గట్టిగానే అన్నారు.

ఆ రెండు రోజులు నేను ఒక చెయ్యి గాల్లోకెత్తి స్నానం చేశాను. నేనుండే ఆడవాళ్ల హాస్టల్లో అందరూ నవ్వారు. మూడో రోజు వెళ్లేసరికి సగం ఊరు వాకిట్లో ఉంది. చెవి తమ్మె పరీక్షలో ఏమీ లేదని తేలింది. కానీ ఆ ఊరికి కావలసింది ఆ కాగితం కాదు. ముందు సుభద్రమ్మ గారి ప్లాస్టరు విప్పాను. ఏమీ లేదు. నాది విప్పాను. ఏమీ లేదు. లచ్చమ్మది విప్పితే ప్లాస్టరు అంచు గుర్తు తప్ప చర్మం శుభ్రంగా ఉంది. చివరికి కొమురమ్మది విప్పాను. ఆకు పెట్టినంత మేరా ఎర్రగా ఉబ్బి, సన్నటి నీటిపొక్కులు లేచాయి.

లచ్చమ్మ తన చెయ్యి కోడలి చేతి పక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "గదే ఆకు. నేను తెంపిందే" అని తనలో తాను అనుకుంది. లేచి లోపలికి పోయి, నిద్రపోతున్న పిల్లను తెచ్చి కొమురమ్మ ఒళ్లో పెట్టింది. పిల్ల లేచి, వాచిన ఆ మొహం చూసి గుక్కపట్టి ఏడ్చి నాయనమ్మ వైపు చేతులు చాచింది. లచ్చమ్మ తీసుకోలేదు. వెనక్కి జరిగి నిలబడి, "నీ అవ్వనే బిడ్డా. నిన్ను గన్న తల్లే" అంటూ ఏడ్చింది. కాసేపటికి పిల్లకు పాల వాసన తెలిసింది. ఏడుపు ఆగింది. అక్కడున్న ఆడవాళ్లందరం కళ్లొత్తుకున్నాం, సుభద్రమ్మ గారితో సహా.

కొమురమ్మకు పూర్తిగా నయమైందని చెప్పను. ఆ మొక్క ఉన్నంతకాలం ఆ దురద ఉంటుంది. సారయ్య ఇంటి చుట్టూ పీకి శుభ్రం చేసినా ఏటా వానల తర్వాత కొంచెం వచ్చేది, మందుతో తగ్గేది. తిరుగు బస్సులో నేను, ఇక నన్ను పనిలోంచి తీసేస్తారని తయారై కూర్చున్నాను. వరంగల్ దగ్గర పడుతుండగా ఆమె అన్నారు: "వచ్చే వారం మళ్ల డోర్నకల్ పోవాలె. పెండ్లిపిల్లను తోల్కరావాలె. దవాఖాన నువ్వే చూసుకో."

"నేనా మేడం?"

"నువ్వు గాక? గిప్పటి సంది నీ అంత జాగ్రత్తగ చూసే డాక్టరు హనుమకొండల ఎవరున్నరు?"

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా దగ్గర కూడా జూనియర్లు పనిచేస్తున్నారు. ఎవరికైనా రోగం పేరు చెప్పే ముందు నేను ఒక మాట అడుగుతాను: "ఇంట్లో చంటిపిల్ల ఉందా అమ్మా?" చర్మానికీ చంటిపిల్లకూ ఏం సంబంధమని ఆ జూనియర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నేను అడుగుతాను.