అక్క దగ్గు నేను రాయించలేదు

స్ట్రోక్ తర్వాత ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి, మజ్జిగ తాగుతుంటే అక్కకు పొలమారింది. నెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నార్లే" అన్నాను. రోజుకు ఐదారుసార్లు అదే వరస. మమ్మల్ని అంతగా తలుచుకునే చుట్టాలు ఎవరున్నారని అనుమానమైనా రాలేదు నాకు.

ఇంట్లో మేమిద్దరమే. నా మోకాలి ఆపరేషన్ దగ్గరపడింది. ఓ నెలపాటు అక్కను గుంటూరు శివార్లలో, పెద్దవాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో చేర్చాలనుకున్నాను. అంతకుముందు ఇంకోచోట "మింగలేని వాళ్లను తీసుకోమండి" అన్నారు. ఆ భయంతోనే వెళ్లాను.

నర్సమ్మ అసెస్‌మెంట్ ఫారం తీసింది. "నీళ్లు తాగితే దగ్గొస్తుందా?"

"అబ్బే, లేదండీ."

అక్కకు మాట ముద్దగా వస్తుంది. ఏదో చెప్పబోతూ చెయ్యెత్తింది. "కొత్తచోటు కదా, బెరుకు" అంటూ ఆ చెయ్యి పట్టుకుని దించాను. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు బస్తా పైన ఎర్రకాయలు, అడుగున రంగు పోయిన తాలుకాయలు సర్దిన చెయ్యి నాది. నర్సమ్మ "నార్మల్" దగ్గర టిక్ పెట్టింది.

చేర్చిన నాలుగో రోజు అక్కకు జ్వరం, ఆయాసం. ఆస్పత్రిలో డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు. "ఆస్పిరేషన్ నిమోనియా. తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. స్వాలోయింగ్ నార్మల్ అని రాసుందే, ఎవరు చెప్పారు?"

అక్క నీళ్లు మింగలేకపోయింది. నేను నిజం మింగేశాను. "నేనేనండీ" అన్నాను, కాస్త ఆలస్యంగా.

తొమ్మిది రోజులు ఐసీయూ, కడుపులోకి ఆహారం పంపడానికి ముక్కులో రైల్స్ ట్యూబ్. తేరుకుందనుకున్నాక మళ్లీ ఆక్సిజన్ పడిపోయింది. నా ఆపరేషన్ వాయిదా వేసుకుని కారిడార్‌లో కుంటుతూ తిరిగాను. ఆ నొప్పి నాకు చాలదనిపించింది.

అక్క కోలుకున్నాక, నా ఆపరేషన్ కోసం అదే నర్సింగ్ హోమ్‌లో మళ్లీ చేర్చినప్పుడు నర్సమ్మ, "మీ మాట పట్టుకుని చూడకుండా టిక్ పెట్టాను. నాదీ తప్పేనండీ" అంది. ఈసారి చెంచాతో నీళ్లు పట్టి, గొంతు మీద వేళ్లు ఆనించి చూసి, అప్పుడు రాసింది.

అక్క ముద్దమాటలతోనే అంది: "వీడు యార్డులో సరుకు అమ్మినట్టు అమ్మాడమ్మా నన్ను."

నర్సమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అక్క ఇంటి దగ్గరే ఉంది. పొలమారకుండా, చిక్కబరిచే పొడి కలిపిన నీళ్లే తాగుతుంది. గటగటా ఒక్క గ్లాసు మంచినీళ్లు తాగాలనుందిరా అంటుంది. తన ఎదురుగా నేను తాగడం మానేశాను. నెలనెలా నర్సు వచ్చి చూసేటప్పుడు నన్ను గది బయటికి పంపిస్తుంది.

మీవాళ్లను ఎక్కడైనా చేరుస్తుంటే ఒక్కటే చెప్తాను. వాళ్లను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పకండి. నాలుగు చెంచాల నీళ్లు పట్టి, నాలుగడుగులు వేయించి, చూసింది చూసినట్టు రాయమనండి. రాసింది చదివి వినిపించమనండి. మీకు కాదు, వాళ్లకు.